బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం

నేను రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు ఫోన్‌లో లెక్కలు రాసుకోవడానికి మేమొక యాప్ తయారుచేస్తాం. అందులో ఏ బటన్ ఎక్కడ ఉండాలి, దాని మీద ఏమని రాయాలి అన్నది తేల్చడం నా ఉద్యోగం. దీన్ని డిజైన్ అంటారు. మా బంధువుల్లో చాలామంది నేను చీరల మీద డిజైన్లు వేస్తాననుకుంటారు. ఫంక్షన్లలో కనబడితే ఈసారి పెద్ద అంచు నడుస్తోందా, చిన్నదా అని అడుగుతారు. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు పెద్దదేనని చెప్పి ఊరుకుంటున్నాను.

రెండేళ్ల కిందట ఆ యాప్‌కి ఒక చిక్కు వచ్చింది. బిల్లులు రాయడం అందరికీ బాగానే ఉంది గానీ, రాసినవి మళ్లీ దొరకడం లేదు. వాడేవాళ్లు ఫోన్ చేసి తిట్టడం మొదలుపెట్టారు. మా వైపు తిట్టడమంటే, "ఏవండీ, తమరు ఖాళీగా ఉంటే ఆ బిల్లు ఎక్కడుందో కాస్త సెలవిస్తారాండీ, పొద్దుటినుంచీ వెతుకుతున్నానండీ" అనడం. బూతులు తిడితే ఫోన్ పెట్టేయొచ్చు. దీనికి ఏం చెయ్యాలో తెలియక, ఫోన్లు ఎత్తే అమ్మాయి ఉద్యోగం మానేసింది.

హైదరాబాద్‌లో ఉండే మా మేనేజర్‌గారు వీడియో కాల్‌లోకి వచ్చి, లెక్కలన్నీ ఒక పద్ధతిలో సర్దిపెట్టే కొత్త ఫీచర్ కావాలన్నారు. ఏ పద్ధతిలో అని అడిగాను. అది కనుక్కోవడానికే కదా నీకు జీతం అన్నారు. నేను ముఖం మాడ్చుకున్నాను. నా కెమెరా ఆపేసి ఉంది కాబట్టి ఆయనకి తెలియలేదు.

మొదట పేర్లని అక్షరక్రమంలో సర్దాను. రావులపాలెంలో ఒక అరటికాయల వ్యాపారికి చూపిస్తే, ఆయన ఖాతాదారుల్లో ముప్పాతికమంది ఒకే అక్షరం కింద చేరారు. ఎంత కిందికి లాగినా ఆ అక్షరం అయ్యేది కాదు. తర్వాత రంగులు పెట్టాను. బాకీ ఉన్నవాళ్లకి ఎరుపు, లేనివాళ్లకి ఆకుపచ్చ, అలా ఎవరికి నచ్చినట్టు వాళ్లు. ఆయన అందరికీ పసుపు పెట్టుకున్నాడు. ఎందుకండీ అంటే, శుభం కదండీ అన్నాడు. నేను రాజమండ్రి వచ్చేసి రెండు రోజులు సెలవు పెట్టాను.

సెలవులో పాలకొల్లు వెళ్లాను. అక్కడ మా మేనత్తకి పెళ్లి సామాను అద్దెకిచ్చే కొట్టు ఉంది. పందిరి గుంజలు, షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గంగాళాలు, గరిటెలు, గుమ్మాలకి కట్టే గెలలతో సహా అరటిచెట్లు, అన్నీ వాళ్లే పంపుతారు. మావయ్య లారీ చూసుకుంటాడు. మిగిలినదంతా అత్త చూసుకుంటుంది. మిగిలినదాంట్లో మావయ్య కూడా ఉన్నాడు.

అత్త కొట్టులో ఒక గోడకి వరసగా మేకులు కొట్టి ఉంటాయి. ఒక్కో మేకుకి ఒక్కో ఇనపతీగ వేలాడుతుంది. అడ్వాన్సు చీటీ, సామాను జాబితా, లారీ కిరాయి కాయితం, పగిలిన గ్లాసుల లెక్క, అన్నీ ఆ తీగకే గుచ్చుతుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే గానీ, ఏ కాయితం ఏ తీగకి వెళ్లాలో అత్తకి ఎలా తెలుస్తుందని ఎప్పుడూ అడగలేదు. ఆవేళ అడిగాను. ఒక ముహూర్తానికి ఒక తీగ అంది. మనిషి పేరు మీద పెట్టుకోవచ్చు కదా అన్నాను. ఒక్కో ఊళ్లో సగంమందికి అదే ఇంటిపేరని, ముహూర్తం చెబితే చెయ్యి తిన్నగా తీగ మీదకే పోతుందని చెప్పింది. పెళ్లయిపోయి, సామాను తిరిగొచ్చి, లెక్క తేలాక తీగ దింపి అటక మీద పడేస్తుంది. కొత్త ముహూర్తానికి మేకు ఖాళీ అవుతుంది.

నేను ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. నాలుగు నెలలుగా నేను వెతుకుతున్నది అక్కడ వేలాడుతోంది. అత్త మాత్రం నాకు ఆకలేస్తోందనుకుని పెసరట్టు పోసింది.

అత్త గురించి ఇంకొక సంగతి చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ చెయ్యి మంచిదని పేరు. పెళ్లి కుదిరితే చీరలు కొనకముందే, కార్డులు అచ్చు వేయించకముందే, ముందుగా వచ్చి అత్త చేతిలో అడ్వాన్సు పెట్టి వెళతారు. అక్కడినుంచి ఇక ఏదీ ఆగదని నమ్మకం. పందిరి వేరేచోట చవగ్గా మాట్లాడుకుని, అత్త దగ్గర ఒక్క గంగాళం అద్దెకి తీసుకుని, ఆ ఒక్కదానికీ అడ్వాన్సు ఇచ్చి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. తనకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదని అత్త అంటుంది. అంటూనే, అన్నం తింటున్నప్పుడు ఎవరైనా అడ్వాన్సు తెస్తే సగంలో లేచి చెయ్యి కడుక్కుని వస్తుంది. లారీ మావయ్య పేరున ఉంది. కొట్టు ఆయన తమ్ముడి పేరున ఉంది. అత్త పేరున ఉన్నది ఆ చెయ్యొక్కటే.

రాజమండ్రి వెళ్లి కొత్త ఫీచర్ గీశాను. దాని పేరు తీగ. ఒక పనికి ఒక తీగ. దాని తేదీ, వేళ పెడితే చాలు, ఆ పనికి సంబంధించిన జమలూ ఖర్చులూ సామానూ అన్నీ దానికి గుచ్చుకుంటాయి. పని అయిపోయాక తీగ తనంతట తనే అటకెక్కుతుంది. మేనేజర్‌గారికి నచ్చింది. పేరు మాత్రం స్మార్ట్ ఫోల్డర్ అని పెట్టమన్నారు. అలాగేనండి అని చెప్పి తీగ అనే ఉంచాను. ఆయన ఊరుకోకుండా ఇంకొకటి కలిపారు. సామాను ఎప్పుడు పంపాలో, ఎప్పుడు తెచ్చుకోవాలో యాప్ తేదీని బట్టి లెక్కేసి, ఓనరుగారిని కదిలించకుండా నేరుగా పనివాళ్ల మేస్త్రీ ఫోన్‌కే చెప్పేస్తుంది. అది నాకూ నచ్చింది.

మాఘమాసం ముహూర్తాలకి అత్త కొట్టులోనే మొదట వాడి చూద్దామన్నాను. అత్త ఒప్పుకుంది. ఒప్పుకున్నాక సగంలో ఆగే మనిషి కాదు. రెండుచోట్ల రాస్తే రెండూ తప్పులవుతాయని గోడ మీది తీగలన్నీ దింపేసింది. కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, ఆ నెలలో ఉన్న పెళ్లిళ్లన్నీ తనే ఎక్కించింది. మేస్త్రీకి కొత్త ఫోన్ కొనిచ్చింది. ఫోన్ చెప్పినట్టు చెయ్యి, నన్ను అడగొద్దు అని అతనికి గట్టిగా చెప్పింది కూడా.

వాటిలో ఒక పెళ్లి పాలకొల్లు దాటాక కాలవగట్టు మీద ఉన్న ఒక ఊళ్లోది. కార్డు మీద ముహూర్తం మా వైపు కార్డుల మీద ఉన్నట్టే ఉంది. బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం, రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు.

మాకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారకముందు ఎంత పొద్దుపోయినా అది ముందురోజు రాత్రే. అందుకని అత్త బుధవారం తేదీ పెట్టి, వేళ దగ్గర తెల్లవారుజామున రెండూ పద్నాలుగు అని పెట్టింది. పాలకొల్లులో ఎవరు పెట్టినా అలాగే పెడతారు. నేనైనా అలాగే పెట్టేదాన్ని. అలాంటి పెళ్లిళ్లలో కుర్చీల మీద నిద్రపోతూ పెరిగిన మనిషిని నేను. ఫోన్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. బుధవారం రెండూ పద్నాలుగంటే, దాని లెక్కలో మంగళవారం రాత్రి గడిచి బుధవారం తెల్లవారబోయే ముందు వేళ. అంటే పెళ్లి ఒక రోజు ముందే అయిపోయిందన్నమాట.

మంగళవారం పొద్దున్నే యాప్ మేస్త్రీకి పందిరి సామాను పంపమంది. పందిరి ఒకరోజు ముందే వేస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక జట్టు వెళ్లి శుభ్రంగా వేసి వచ్చింది. బుధవారం పొద్దున యాప్ మళ్లీ అతనితో, పెళ్లి అయిపోయింది, సామాను తెచ్చుకోండి అంది. ఆ గుంజల కోసం ఇంకో పెళ్లి ఎదురుచూస్తోంది. మేస్త్రీ ఇంకో జట్టుని వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆ పొద్దున నేను కొట్టులోనే ఉన్నాను. యాప్ ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూసి రాసుకోవడం కూడా నా ఉద్యోగమే. అత్త గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని గోడని చూస్తూ, తీగలు లేకపోతే గది వెలుగ్గా ఉందే అంది. నేను అది రాసుకున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. పెళ్లికూతురి తల్లి. అత్త స్పీకర్ పెట్టింది.

"మీ వాళ్లు మా పందిరి ఇప్పేస్తున్నారండి," అందావిడ. "ఏవన్నా పొరపాటు జరిగిందేమో కనుక్కుందామని చేశానండి."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని నాకప్పుడే అనిపించింది. పెళ్లి ఇంకా కాని పందిరి విప్పడమంటే మా వైపు ఎలాంటిదో తెలియనివాళ్లకి చెప్పడం కష్టం. నోటితో అనడానికే భయపడతారు. ఇప్పుడే వస్తున్నామని చెప్పి అత్త ఫోన్ పెట్టేసింది. మేస్త్రీకి ఫోన్ చేసి, ఎక్కడివాళ్లని అక్కడ ఆగిపొమ్మంది. అతను, సగం ఇప్పేసేమండి అన్నాడు.

మావయ్య లారీతో వేరే ఊళ్లో ఉన్నాడు. నేనూ అత్తా స్కూటీ మీద బయల్దేరాం. మామూలుగా వెనక కూర్చుంటే ఎదురొచ్చే బస్సులు, గేదెలు, గుంతలు అన్నీ నాకు ముందే చెబుతూ ఉంటుంది. ఆవేళ కాలవగట్టు పొడుగునా ఒక్క మాట లేదు. గుంతలన్నీ నేనే చూసుకున్నాను.

మేం వెళ్లేసరికి వాకిట్లో సగం నీడ ఉంది, సగం ఎండ ఉంది. ఎండలో పీట మీద పెళ్లికూతురు నలుగు పెట్టించుకుంటూ ఉన్నది ఉన్నట్టు కూర్చుంది. చుట్టూ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రీ, అతని మనుషులూ గోడ వారన వరసగా తలలు వంచుకుని నిలబడ్డారు. వచ్చీ రాగానే వాళ్లకి ఉప్మా పెట్టి కాఫీలు ఇచ్చారట. తిని, నిచ్చెనలెక్కి, విప్పడం మొదలుపెట్టారు. ఇంతమంది ఉండి ఎవరూ ఎందుకు ఆపలేదంటే, పెళ్లింట్లో ఎవరైనా నిచ్చెన ఎక్కితే ఎవరో పెద్దవాళ్లు చెప్పే ఉంటారని మిగిలినవాళ్లు అనుకుంటారు. పెద్దవాళ్లు కూడా అలాగే అనుకున్నారు.

అత్త మేస్త్రీ వైపు చూసింది. అతనే చెప్పుకున్నాడు. "అయిపోయిందని ఫోన్లో వచ్చిందండి. కింద అక్షింతలు ఒక్కటీ లేవేంటా అనుకున్నానండి. శుభ్రమైన కుటుంబం, తుడిచేసుకున్నారనుకున్నానండి."

పంతులుగారు పందిరి రాట దగ్గర ఉన్నారు. మంచి వేళ చూసి, పసుపూ కుంకాలూ పెట్టి, మామిడాకులు కట్టి పాతే కర్ర అది. పందిరికి అసలైనది అదే. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశారు. కదల్లేదు. రాట కదలనంతసేపూ పందిరి ఉన్నట్టేనని, పైన గుడ్డ ఎండ కోసమేనని తేల్చేశారు. తేల్చేసి, కాఫీ ఏమైనా ఉందా అని అడిగారు. ఆయనకి ఆ రోజు ఇంకో రెండు ఇళ్లు ఉన్నాయి.

పెళ్లికూతురి నాయనమ్మకి అది సరిపోలేదు. ఆవిడ లోపలికి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పెళ్లికూతురి తల్లి మాత్రం మా దగ్గరికి వచ్చి, పర్లేదండి అంది. అత్త రెండు చేతులూ జోడించింది. ఫోన్ అని గానీ, యాప్ అని గానీ ఒక్క మాట అనలేదు. నేను అది మా యాప్ వల్ల జరిగిందని చెప్పబోతే, చెయ్యి పట్టుకుని గిల్లింది. తర్వాత పందిరి గుడ్డ ఒక చివర తనే పట్టుకుని పైకి అందించింది. ఆఖరి ముడి పడేదాకా ఎండలోనే నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆ కుర్చీ కూడా మాదే.

ఆ రాత్రి పెళ్లి బాగా జరిగిందని మర్నాడు తెలిసింది. వాన పడలేదు, వంటలు తగ్గలేదు, ఎవరూ అలగలేదు. కానీ పందిరి కబురు పెళ్లి కబురు కన్నా ముందే బయల్దేరింది. పాలకొల్లులో కిళ్లీకొట్టు అతను పందిరి ఊడిపోయిందట కదండీ అన్నాడు. మార్టేరు చేరేసరికి రాట విరిగింది. భీమవరంలో ఏకంగా పెళ్లే ఆగిపోయింది. మా పెద్దమ్మ అక్కడినుంచి ఫోన్ చేసి, పాపం ఆ పిల్లకి మంచి సంబంధం ఏదైనా చూడమని నాకు చెప్పింది.

తర్వాత జరిగినదాన్ని గొడవ అనడానికి లేదు. గొడవ చేయడం మా వైపు మర్యాద కాదు. పెళ్లి కుదిరినవాళ్లు అత్త కొట్టుకి ఎప్పట్లాగే వచ్చేవారు. వచ్చి, "అయ్యగారు లేరాండీ?" అని అడిగేవారు. లారీ మీద వెళ్లారండి, అడ్వాన్సు నాకివ్వచ్చు అని అత్త అంటే, తొందరేం లేదండీ, కూర్చుంటామండీ అనేవారు. మంచినీళ్లు తాగేవారు. కాలవకి నీళ్లెప్పుడు వదులుతారో, కొబ్బరికాయ ధర ఎందుకు పడిపోయిందో మాట్లాడేవారు. మావయ్య వచ్చాక లేచి, ఆయన చేతిలో డబ్బు పెట్టి, అత్తకి చాలా వినయంగా దణ్ణం పెట్టి వెళ్లేవారు.

అత్తకి చెప్పకుండానే అర్థమైంది. కొన్ని వారాలు చూసింది. ఒకరోజు గుమ్మం పక్కన ఉండే తన కుర్చీ తీసుకెళ్లి వెనక గదిలో, గరిటెల బస్తాల పక్కన వేసుకుంది. ఎందుకే అని మావయ్య అడిగితే, ముందు గదిలో ఈగలెక్కువున్నాయంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా నా ఉద్యోగం ఎలా ఉందని అడిగేది. నాకు చాలా బాధేసేది. బాగుందని చెప్పేదాన్ని.

ఉద్యోగం ఏమీ బాగా లేదు. జరిగినదంతా వీడియో కాల్‌లో చెప్పాను. ఇలా ఎంతమందికి జరిగిందని మేనేజర్‌గారు అడిగారు. ఒకరికి అన్నాను. ఒకరి కోసం రోజుని మార్చలేం కదా అన్నారు. కోడ్ రాసే ఆయన, ప్రపంచమంతటా రోజు అర్ధరాత్రే మారుతుందని, ఆ నియమం తను పెట్టింది కాదని, కావాలంటే చూసుకోమని చెప్పాడు. కోడ్‌లో తప్పు లేదు. కార్డులో తప్పు లేదు. అత్త కార్డు చూసే ఎక్కించింది. మేస్త్రీ ఫోన్ చూసే విప్పాడు. ఎవరి తప్పూ లేకుండా పందిరి ఊడింది. నాకు ఒళ్లు మండింది.

"మీ పెళ్లి ఏ తేదీన అయిందండీ?" అని మేనేజర్‌గారిని అడిగాను.

ఆయన చెప్పారు. వెంటనే తెర వెనకనుంచి ఒక ఆడగొంతు, ఆ తేదీ కాదు, దాని ముందురోజు అంది. ఆయన ఇంట్లోంచే మాట్లాడుతున్నారు. ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయి కాసేపు మాట్లాడుకున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పెళ్లిరోజు రెండు రోజులూ పాడవుతుందని మాకు అర్థమైంది. ఆవిడ బీరువాలోంచి పెళ్లి కార్డు తెచ్చి కెమెరా ముందు పెట్టింది. శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం అని ఉంది. మేనేజర్‌గారు దాన్ని రెండుసార్లు చదువుకుని, ఈ మార్పుకి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు.

మార్పు పెద్దదేం కాదు. అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య వేళ ఏదైనా పెడితే యాప్ ఆగి, కార్డు మీద ఉండే మాటల్లోనే ఏ రాత్రండీ అని అడుగుతుంది. ఓనరు అవునని నొక్కేదాకా ఎవరికీ ఏమీ చెప్పదు. తీగ దింపమని మనిషి చెబితేనే దింపుతుంది. ఇంతకన్నా ఏమీ లేదు. అయినా వంటవాళ్లు, పూలవాళ్లు, మేళంవాళ్లు, వీడియోలు తీసేవాళ్లు, అందరూ అదే వాడడం మొదలుపెట్టారు. ఫోన్లో తిట్లు తగ్గాయి. ఆఫీసు గోడ మీద నా ఫోటో పెట్టి కింద అభినందనలు అని రాశారు. పక్కనే అగరుబత్తుల స్టాండు ఉండడంతో కొత్తగా వచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు. నాకు ఆ ఫోటో చూసినప్పుడల్లా గరిటెల బస్తాల పక్కన అత్త కుర్చీ గుర్తొచ్చి, ఎవరిమీదో తెలియని కోపం వచ్చేది.

శ్రావణమాసం ముందు పాలకొల్లు వెళ్లాను. కొత్త యాప్ అత్త ఫోన్లో వేద్దామని వెళ్లాను గానీ, ఆవిడ ఫోన్ ఇవ్వదేమోనని దారంతా భయపడుతూనే ఉన్నాను. అడగ్గానే ఇచ్చేసింది. ఎలాగూ అడ్వాన్సులు ఆయనే చూస్తున్నాడు, ఎలా చూపిస్తావో ఆయనకే చూపించంది. వెనక గదిలో కూర్చుని గరిటెలు డజన్ల లెక్కన కడుతోంది. నేను పక్కనే కింద కూర్చున్నాను.

ముందు గదిలో ఎవరో వచ్చారు. తలుపులోంచి చూస్తే, కాలవగట్టు ఊళ్లో ఆ పెళ్లికూతురి తల్లి. ఆ పూట మావయ్య కొట్టులోనే ఉన్నాడు. ఆవిడ సంచిలోంచి డబ్బు తీసేసరికి అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు. ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టి, పక్కనుంచి తిన్నగా లోపలికి వచ్చేసింది. మావయ్య చెయ్యి కాసేపు అక్కడే ఉండి, ఆ తర్వాత ఫ్యాను స్విచ్చి వేసింది.

అత్త లేచి నిలబడింది. ఆవిడ, మా చిన్నమ్మాయికి సంబంధం కుదిరిందండి, అడ్వాన్సు ఇద్దామని వచ్చేను అంది. ముందు గదిలో ఆయనున్నారు కదండీ అంది అత్త. ఆయనకెందుకండీ, మీ చేతికివ్వాలి అందావిడ.

అత్త చేతులు కదల్లేదు. "తెలిసి తెలిసి నా చేతికెందుకండీ," అంది.

"మా పెద్దదానికి మీరు పందిరి రెండుసార్లు వేసేరండి," అందావిడ. నవ్వలేదు. ధర మాట్లాడుతున్నట్టే మాట్లాడింది. "ఒక్క పెళ్లికి రెండు పందిళ్లు ఎవరికి పడతాయండీ? దాని అత్తారింట్లో అడిగినవాళ్లందరికీ అదే చెబుతోంది. దాని కాపురం బాగుందండి. ఇప్పుడు చిన్నది నాకూ అలాగే రెండుసార్లు వెయ్యాలని కూర్చుంది. మా అత్తగారు గేటుదాకా వచ్చి మరీ చెప్పేరు, ఇంకెవరికీ ఇవ్వొద్దు, ఆవిడ చేతిలోనే పెట్టి రమ్మని."

అత్తగారంటే ఆవేళ గోడవైపు తిరిగి పడుకున్న పెద్దావిడ.

గుండిగ జారి పాదం మీద పడినప్పుడు కూడా ఆ గుండిగకి సొట్ట పడిందేమోనని చూసుకున్న మనిషి మా అత్త. ఆవిడ ఏడవడం నేను అప్పుడే చూశాను. చప్పుడు లేదు. నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. కుడిచెయ్యి చాపింది. పెళ్లికూతురి తల్లి అందులో రెండు అయిదువందల నోట్లూ, ఒక వంద నోటూ పెట్టింది. అత్త చెయ్యి ముడవలేదు. అలా ఏడుస్తూనే నోట్లవైపు చూసి, "పైన పదహారు మర్చిపోయేరండి," అంది.

పెళ్లికూతురి తల్లి నాలిక కరుచుకుంది. సంచంతా వెతికితే చిల్లర లేదు. నా దగ్గరున్నాయి, నేనిస్తానన్నాను. పెళ్లివారే ఇవ్వాలి, నువ్వూరుకో అంది అత్త. ఆవిడ గబగబా రోడ్డు దాటి, కిళ్లీకొట్టులో నోటు మార్చుకుని పదహారు రూపాయలూ తెచ్చేదాకా, అత్త ఆ చెయ్యి దించకుండా అలాగే చాపుకుని నిలబడింది.